గుట్టల గుహలు, పాడుబడ్డ కోటలు: తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి వైపు గుట్టలు తిరిగేవారు అవే సందేహాలు మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారు. కొందరికి గుహలంటే ప్రాణం, కొందరికి పాడుబడ్డ కట్టడాలంటే ప్రాణం. మన దగ్గర ఈ రెండు సరదాలనూ విడదీయడం కష్టం. రాచకొండలోనో దేవరకొండలోనో కోట గోడ వచ్చి పెద్ద బండకు ఆనుకుని ఆగిపోతుంది. అక్కడి నుంచి ఆ బండే గోడ, బండల సందే దారి. అందుకే రెండింటికీ కలిపి ఇక్కడ జవాబులు రాశాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళవచ్చు.

## మొదలుపెట్టేవారికి

గుహల్లో తిరగడం, పాడుబడ్డ కట్టడాల్లో తిరగడం ఒకటే సరదా కదా?

సామాను చాలావరకు ఒకటే. మూసుకుపోయిన చోట ఏముందో చూడాలన్న ఆరాటమూ ఒకటే. పారిస్ నగరం కింద పాత సున్నపురాతి గనుల సొరంగాలు ఉన్నాయి. 1777 నుంచి వాటి తనిఖీకి ప్రత్యేక విభాగం ఉంది, అనుమతి లేని భాగాల్లోకి దిగడం 1955 నుంచి నిషేధం. అయినా దొంగచాటుగా దిగేవారు ఉన్నారు. వాళ్ళను గుహల మనుషులు అనాలో, నగర శిథిలాల మనుషులు అనాలో చెప్పలేం.

ప్రమాదాలు మాత్రం వేరు. గుహ పైకప్పు వేల ఏళ్ళుగా నిలిచి ఉంటుంది. మనుషులు వదిలేసిన కట్టడం ఆ రోజు నుంచే కూలడం మొదలుపెడుతుంది. గుహలో భయపడవలసినవి నీరు, గాలి, దారి తప్పడం. కట్టడంలో భయపడవలసినవి కప్పు, మెట్లు, కాలి కింది నేల. గుహల్లో ఆరితేరినవారు పాత మిద్దె మీద నిర్భయంగా అడుగు వేయడం, కోటలు తిరిగినవారు బావి అడుగుకు ఏమీ ఆలోచించకుండా దిగడం నాకు ఎప్పుడూ ఆందోళన కలిగిస్తుంది. ఒకదానిలో వచ్చిన ధైర్యం రెండోదానిలో పనికిరాదు.

మా వైపు అన్నీ బండలే. గుహలు ఎక్కడ ఉంటాయి?

ఆ బండల మధ్యే ఉంటాయి. సున్నపురాతిని వాన నీరు మెల్లగా కరిగిస్తుంది కాబట్టి నంద్యాల జిల్లా బెలుంలో 3,229 మీటర్ల పొడవైన గుహ ఏర్పడింది. మన గ్రానైటు అలా కరగదు. పగిలి, గుండ్రంగా అరిగి, ఒకదానిపై ఒకటి దొర్లి పడుతుంది. మధ్యలో మిగిలిన ఖాళీలే మన గుహలు. పొడవు తక్కువే అయినా పైకీ కిందికీ మెలికలు తిరుగుతాయి.

నల్లమల సంగతి వేరు. అక్కడి రాయి జొన్నరొట్టెలు దొంతరగా పేర్చినట్టు పొరలు పొరలుగా ఉంటుంది. అంచులు విరిగి, నీటికి అరిగి, లోతైన చరియలు ఏర్పడ్డాయి. సలేశ్వరం, ఉమామహేశ్వరం అటువంటి చోట్ల వెలసిన క్షేత్రాలు. ఇక మేళ్ళచెరువు, హుజూర్‌నగర్ వైపు సున్నపురాయి ఉంది. సిమెంటు ఫ్యాక్టరీలు అక్కడికి చేరింది అందుకే.

మొదటిసారి ఎక్కడికి వెళ్ళాలి?

జనం తిరిగే చోటికి. భువనగిరి కోటకు మెట్లు ఉన్నాయి, చుట్టూ మనుషులు ఉంటారు, ఏకశిల గుట్ట మీద నడక ఎలా ఉంటుందో తెలుస్తుంది. పూర్తి చీకటి ఎలా ఉంటుందో చూడాలంటే బెలుం మంచిది, 2002 నుంచి సందర్శకుల కోసం దారులు, దీపాలు ఉన్నాయి. ఈ రెండూ చూశాక కోయిలకొండ, దేవరకొండ, రాచకొండ.

ఇవన్నీ ఎక్కడ నేర్పిస్తారు?

తాడు పని నేర్చుకోవడానికి మన దగ్గర భువనగిరి గుట్టకు మించిన చోటు లేదు. 2014 మే 25న పదమూడేళ్ళ వయసులో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ మొదట శిక్షణ పొందింది అక్కడి బండల మీదే. ముడులు వేయడం, తాడు మీద దిగడం, మళ్ళీ అదే తాడు మీద ఎక్కడం పగటి వెలుగులో చేతికి అలవాటైన తరువాతే చీకట్లో వాడాలి. వీడియోలు చూసి నేర్చుకున్న ముడిని మీ బరువుతో నమ్మకండి. నిజమైన పెద్ద గుహల అన్వేషణ చూడాలనుకునేవారు మేఘాలయకు వెళ్ళాలి. అక్కడి క్రెమ్ లియాట్ ప్రా 30 కిలోమీటర్లకు పైగా ఉంది.

మా కోట నుంచి గోల్కొండకు సొరంగం ఉందని పెద్దలు అంటారు. వెతకవచ్చా?

దక్షిణ తెలంగాణలో ఈ కథ లేని కోట అరుదు. భువనగిరి నుంచి గోల్కొండ 50 కిలోమీటర్ల పైమాటే. అంత దూరం గ్రానైటును ఉలితో తొలిచి, మధ్యలో గాలి వచ్చే మార్గాలు పెట్టి, చెరువుల కింద నీరు ఊరకుండా కాపాడి, తవ్విన రాయిని ఎవరికీ కనబడకుండా పోయడం అయ్యే పని కాదు. అయితే కథకు మూలం లేకపోలేదు. కోటల్లో దొంగదారులు, దిడ్డి ద్వారాలు, నీటి తూములు, ధాన్యం దాచిన నేలమాళిగలు ఉంటాయి. అవి పది ఇరవై అడుగులు పోయి మట్టితో పూడిపోతాయి. పూడిన చోటు దాటి ఏముందో అన్న ఊహే గోల్కొండ దాకా పోతుంది.

కథ చెప్పిన పెద్దాయన్ను కొట్టిపారేయకుండా, ఆ సొరంగం నోరు ఎక్కడుందో చూపించమని అడగండి. ఎవరూ రాసిపెట్టని ఒక దిడ్డి దారి దొరకవచ్చు. పూడిన మట్టిని మాత్రం తవ్వవద్దు.

## అనుమతి, ఊరు, చట్టం

ఊరివాళ్ళు మమ్మల్ని గుప్తనిధుల ముఠా అనుకుని అడ్డుకున్నారు. ఏం చేయాలి?

వాళ్ళు చేసింది సబబే. రాత్రివేళ తాళ్ళు, దీపాలు, బరువైన సంచులతో పాత కోటలోకి, శిథిల ఆలయంలోకి వచ్చేది ఎక్కువగా నిధుల కోసం తవ్వేవారే. లింగాన్ని పెకలించి, నంది కడుపు పగలగొట్టి, ద్వారబంధం కింద గొయ్యి తీసి పోతారు. మరుసటి రోజు ఆ గొయ్యిని చూసి బాధపడేది ఊరు. మీ సంచీలో ఏముందో వాళ్ళకు ఎలా తెలుస్తుంది?

కాబట్టి పగలే వెళ్ళండి. గుట్ట ఎక్కేముందు ఊళ్ళోకి వెళ్ళి, పంచాయతీ కార్యాలయంలోనో రచ్చబండ దగ్గరో మీ పేరు, ఊరు, వచ్చిన పని చెప్పండి. అడగకముందే సంచీ తెరిచి చూపండి. గడ్డపార, పార, సుత్తి వంటివి తీసుకెళ్ళకండి. అమావాస్యనాడు అసలు వద్దు, నిధుల వేటగాళ్ళ పూజలు ఆ రోజే ఎక్కువని ఊరంతా కనిపెట్టుకుని ఉంటుంది.

ఊరి మనిషి ఒకరిని తోడు తీసుకోండి. గొర్రెల కాపరి అయితే మరీ మంచిది. ఏ బండ కింద నీళ్ళుంటాయో, ఏ సందులో ఎలుగుబంటి పడుకుంటుందో ఆయనకు తెలిసినంత ఏ పటానికీ తెలియదు. ఆయన ఒక రోజు కూలి పోగొట్టుకుని వస్తున్నాడు కాబట్టి ఆ కూలికి తగ్గకుండా ఇవ్వండి. ఊరివాళ్ళు వద్దు అంటే వెనక్కి రండి. ఇంకో రోజు, ఇంకో పెద్దమనిషిని వెంటబెట్టుకుని అడగవచ్చు.

పాత గడీలో ఎవరూ ఉండరు, తలుపులు కూడా లేవు. లోపలికి వెళితే తప్పా?

తలుపు లేదంటే అనుమతి ఉన్నట్టు కాదు. చాలా గడీలకు వారసులు హైదరాబాదులోనో విదేశంలోనో ఉంటారు, ఊళ్ళో చూసుకునే మనిషి ఒకరు ఉంటారు. ఆ మనిషిని కనుక్కుని అడగండి. చెడు ఉద్దేశంతో ఇతరుల స్థలంలోకి వెళ్ళడం భారతీయ న్యాయ సంహిత 329వ సెక్షన్ కింద నేరం. ఇల్లు అయితే ఏడాది వరకు శిక్ష పడవచ్చు. మీ ఉద్దేశం మంచిదే కావచ్చు, కానీ దాన్ని పోలీసు స్టేషన్‌లో కూర్చుని వివరించడం కంటే ముందే ఒక మాట అడగడం మేలు.

ఇంకో సంగతి. నల్లగొండ పల్లెల్లో గడీ అంటే కేవలం పాత ఇల్లు కాదు. ఆ గడీల దొరలకు వెట్టి చేసినవారి మనవళ్ళు ఆ వీధిలోనే ఉన్నారు. 1946 నుంచి 1951 దాకా నడిచిన రైతాంగ సాయుధ పోరాటంలో మనిషిని పోగొట్టుకున్న ఇళ్ళు ఉన్నాయి. అక్కడ దయ్యాల కొంప అని వీడియో తీయడం ఆ ఊరిని అవమానించడమే. ముందు ఒక ముసలమ్మ దగ్గర కూర్చుని ఆ ఇంటి సంగతి వినండి.

నల్లమల గుహలకు ఎవరిని అడగాలి?

అటవీశాఖను. అమ్రాబాద్ పులుల అభయారణ్యం లోపల 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది, అనుమతి లేకుండా తిరగకూడదు. సలేశ్వరానికి చైత్ర పౌర్ణమి జాతర సమయంలోనే దారి తెరుస్తారు. అక్కమహాదేవి గుహలను శ్రీశైలం నుంచి పడవలో వెళ్ళి చూస్తారు. ఇవి భక్తుల చోట్లు, అంతకంటే ముందు చెంచుల ఇలవేల్పుల చోట్లు. చెప్పులు ఎక్కడ విడవాలో వాళ్ళను చూసి నడుచుకోండి.

మూతబడ్డ ఫ్యాక్టరీ, పాత క్వారీ, కాలువ సొరంగం చూడవచ్చా?

కాలువ సొరంగం వద్దు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం కప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకున్నారు. సైన్యం, జాతీయ విపత్తు దళం, సింగరేణి బృందాలు వారాల తరబడి శ్రమించినా ఒక్కరినీ ప్రాణాలతో తేలేకపోయాయి. చిక్కుకున్నవారు యంత్రాలు, వెలుతురు, గాలి గొట్టాల మధ్య పనిచేస్తున్నవారు. అటువంటి చోటికి సరదాగా వెళ్ళే ఆలోచనే రాకూడదు.

ఫ్యాక్టరీలో యజమాని రాతపూర్వక అనుమతి తప్పనిసరి. అనుమతి ఉన్నా సిమెంటు రేకుల కప్పు ఎక్కకండి. పైకి గట్టిగా కనబడుతుంది, మనిషి బరువుకు ఒక్కసారిగా విరుగుతుంది. ఆ రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది, విరిగిన ముక్కల దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం. క్వారీల్లో పేలకుండా మిగిలిన మందు గుండ్లు ఉండవచ్చు. తీగ వేలాడే చిన్న గొట్టం కనిపిస్తే ముట్టకుండా పోలీసులకు చెప్పండి. క్వారీ గుంతల్లో ఈతకు దిగవద్దు, నిట్టనిలువు గోడల వల్ల బయటకు రావడానికి పట్టు దొరకదు.

## బయలుదేరే ముందు

ఫోను టార్చి సరిపోదా?

సరిపోదు. ఒక్కొక్కరి దగ్గర విడివిడిగా మూడు దీపాలు ఉండాలన్నది ప్రపంచమంతటా గుహలు తిరిగేవారి నియమం. ఒకటి తలకు కట్టుకునేది, రెండోది సంచీలో అటువంటిదే, మూడోది చిన్న చేతి దీపం. విడి బ్యాటరీలు కూడా ఉంచుకోండి. తల దీపం ఉంటే రెండు చేతులూ బండను పట్టుకోవడానికి ఖాళీగా ఉంటాయి. ఫోనును ఆపదలో మాట్లాడటానికి దాచుకోండి.

ఏం వేసుకోవాలి?

గడ్డం కింద పట్టీ ఉన్న కొండలెక్కే హెల్మెట్, మడమ కప్పే బూట్లు, నిండు చేతుల చొక్కా, మోకాలి పట్టీలు, చేతి తొడుగులు. మోటారు సైకిల్ హెల్మెట్ ఇరుకులో మెడ తిప్పనివ్వదు, వద్దు. గ్రానైటు గరుకు మోకాళ్ళను, అరచేతులను చెక్కేస్తుంది.

ఒక్కడినే వెళ్ళవచ్చా?

వద్దు. నలుగురు ఉంటే ఒకరికి దెబ్బ తగిలినా, ఒకరు తోడు కూర్చుంటారు, ఇద్దరు సాయం కోసం బయటకు వెళతారు. ఇంట్లో నమ్మకమైన మనిషికి ఎక్కడికి వెళుతున్నారో, ఎన్ని గంటలకల్లా ఫోను చేస్తారో, చేయకపోతే ఎవరికి చెప్పాలో కాగితం మీద రాసి ఇవ్వండి. బయటకు వచ్చిన వెంటనే ముందు ఆ ఫోను చేయండి.

ఏ నెలలు మంచివి?

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు. మే నెలలో నల్లగొండలో 44 డిగ్రీలకు చేరడం కొత్త కాదు, ఎండకు కాలిన బండ సాయంత్రం దాకా సెగ చిమ్ముతుంది. వానాకాలంలో పాత గోడలు నాని కూలతాయి, బండల మీద నాచు పడుతుంది. 2018 జూన్‌లో థాయిలాండ్‌లోని థామ్ లువాంగ్ గుహలోకి పొడిగా ఉన్నప్పుడే వెళ్ళిన పన్నెండు మంది పిల్లలు, వాళ్ళ శిక్షకుడు వాన నీటికి చిక్కుకుని, చివరివారు జూలై 10న గానీ బయటపడలేదు. నల్లమల వాగులు కూడా పైన ఎక్కడో పడ్డ వానకు ఇక్కడ పొంగుతాయి.

## లోపల ఉన్నప్పుడు

కట్టడం కూలేలా ఉందని ఎలా గుర్తుపట్టాలి?

గడప దాటకముందు నేలను చూడండి. గోడ మొదట్లో డంగు సున్నం పొడి తెల్లగా, తాజాగా రాలి ఉంటే పైన ఏదో కదులుతోంది. పాత పగులు అంచులు మసకబారి, సాలెగూడు పట్టి ఉంటాయి. కొత్త పగులు లోపల శుభ్రంగా, లేత రంగులో ఉంటుంది. ఆ తేడాను దీపం పక్క నుంచి వేసి చూస్తే తెలుస్తుంది.

తరువాత కప్పు. గడీల మిద్దెలకు టేకు దూలాలు, వాటి మీద ఇటుక, సున్నం ఉంటాయి. దూలం మధ్యలో ఎంత బాగున్నా, గోడలో దూరిన కొస దగ్గర తేమకు కుళ్ళి, చెదలు తిని ఉంటుంది. కొస దగ్గర మట్టి గొట్టాల వంటి చెదల దారులు కనిపిస్తే ఆ గదిలో అడుగు పెట్టకండి, ఆ మిద్దె మీద నడవకండి. గోడలో మొలిచిన రావి, మర్రి వేర్లు రాళ్ళను విడదీస్తాయి. కొన్నిచోట్ల ఆ వేర్లే గోడను పట్టి ఉంచుతాయి, కాబట్టి వాటిని లాగవద్దు, నరకవద్దు.

మెట్లు ఎక్కవలసి వస్తే గోడవైపు అంచున, ఒకరి తరువాత ఒకరు ఎక్కండి. రెండు రోజుల క్రితం పెద్ద వాన పడి ఉంటే ఆ వారం వెళ్ళకండి. తడిసిన గోడ వానలోనే కాదు, ఎండ కాసి ఆరేటప్పుడు కూడా కూలుతుంది.

దీపం ఆరకుండా వెలిగితే బావిలో, నేలమాళిగలో గాలి బాగున్నట్టే కదా?

కాదు. ఈ నమ్మకం చాలా ప్రాణాలు తీసింది. మామూలు గాలిలో ఆమ్లజని 20.9 శాతం. 19.5 కంటే తగ్గితే ఆ చోటు మనిషికి సురక్షితం కాదంటారు. కొవ్వొత్తి మాత్రం సుమారు 16 శాతం దాకా వెలుగుతూనే ఉంటుంది. అంటే దీపం ఆరేసరికి మీరు అప్పటికే ప్రమాదంలో ఉన్నారు. కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్ వంటి విషవాయువులు మనిషిని చంపే మోతాదులో ఉన్నా దీపం ఆరదు. మండే వాయువు ఉంటే దీపమే నిప్పు అంటిస్తుంది. కుళ్ళిన గుడ్డు వాసన మొదట వచ్చి తరువాత ఆగిపోతే వాయువు పోయినట్టు కాదు, ముక్కు మొద్దుబారినట్టు.

ఆకులు, చెత్త కుళ్ళే పాత దిగుడు బావుల్లో బొగ్గుపులుసు వాయువు బరువుగా అడుగున చేరుతుంది. వాయువులు కొలిచే యంత్రం, పైన తాడు పట్టుకున్న మనుషులు లేకుండా దిగవద్దు. ముందు దిగినవారు స్పృహ తప్పితే వెంటనే రెండోవారు దూకకండి. బావి ప్రమాదాల్లో రెండో ప్రాణం, మూడో ప్రాణం అలాగే పోతున్నాయి. 101కి, 112కి ఫోను చేయండి.

రెండు నోళ్ళున్న బండల గుహలో గాలి ఆడుతుంటుంది. ఆ గాలి ఎటు పోతోందో తెలుసుకోవడానికి అగరుబత్తి పొగ పనికొస్తుంది. పొగ మెల్లగా ఒకవైపు లాగితే అటు ఇంకో నోరు ఉండవచ్చు. అది దారి చూపుతుంది, గాలి మంచిదని మాత్రం చెప్పదు.

ఇరుకులో ఇరుక్కుపోతే?

కదలడం ఆపి, ఊపిరి నెమ్మదిగా వదలండి. ఊపిరి వదిలినప్పుడు ఛాతీ తగ్గుతుంది, ఆ క్షణంలో వచ్చిన దారినే వెనక్కి జరగండి. తల కిందికి పెట్టి ఏ సందులోకీ దిగకండి. దేని మీదైనా బరువు వేసేముందు బండను చేత్తో నెట్టి చూడండి, పెద్ద గుండు కూడా చిన్న రాయి ఆధారంతో నిలిచి ఉండవచ్చు.

దారి తప్పకుండా ఏం చేయాలి?

ప్రతి మలుపు దగ్గరా వెనక్కి తిరిగి చూడండి. తిరిగి వచ్చేటప్పుడు మీకు కనబడేది ఆ దృశ్యమే. గుర్తుకు సుద్ద, రంగు వాడవద్దు, రంగు రిబ్బను కట్టి వచ్చేటప్పుడు విప్పుకోండి. జీపీఎస్ లోపల పనిచేయదు.

ఎలుగుబంట్లు, తేనెటీగలు, పాములు ఉంటాయా?

ఉంటాయి, అది వాటి ఇల్లు. గుహ నోటి దగ్గర గింజలతో నిండిన తాజా పెంట, ఘాటైన జంతువు వాసన, మట్టిలో పొడవైన గోళ్ళ గుర్తులు ఉంటే ఎలుగుబంటి లోపలే ఉండవచ్చు. చప్పుడు చేయకుండా వెనక్కి రండి. చలికాలంలో తల్లి పిల్లలతో ఉంటుంది, అప్పుడు మరీ ప్రమాదం.

కోట ద్వారాల కమానుల కింద, చరియల కింద కొండ తేనెటీగల పట్టులు వేలాడతాయి. నా లెక్కలో మన కోటల్లో అన్నిటికంటే పెద్ద ప్రమాదం ఇదే. పొగ, అత్తరు, డ్రోన్ మోత, రాయి విసరడం వాటిని రేపుతాయి. పట్టు కనిపిస్తే ఆ ద్వారం వదిలేయండి. పాము కరిస్తే కోయవద్దు, కట్టు బిగించవద్దు. కరిచిన కాలో చెయ్యో కదపకుండా 108లో విషానికి విరుగుడు ఉన్న ఆసుపత్రికి చేర్చండి.

గబ్బిలాల వల్ల జబ్బులు వస్తాయా?

ఎండిన రెట్ట దుమ్ములో ఊపిరితిత్తులకు సోకే ఒక శిలీంధ్రం ఉండవచ్చు. మంచి మాస్కు పెట్టుకోండి, దుమ్ము లేపకండి, గబ్బిలాన్ని చేత్తో తాకకండి. వాటికి మన వల్ల కలిగే హాని కూడా తక్కువ కాదు. కర్ణాటకలోని కోలార్ దగ్గర హనుమనహళ్ళిలో ఒకే ఒక గుహలో మిగిలిన గబ్బిలం జాతి ఉంది, గ్రానైటు క్వారీలు దానికి ముప్పు తెచ్చాయి. పిల్లలతో ఉన్న గబ్బిలాల గుంపు కనిపిస్తే దీపం కిందికి దించి బయటకు వచ్చేయండి.

## తిరిగి వచ్చాక

ఫొటోలతో పాటు చోటు కూడా చెప్పవచ్చా?

భువనగిరి వంటి అందరికీ తెలిసిన చోటైతే చెప్పండి. ఎవరికీ తెలియని గుహ, శాసనం, విగ్రహం అయితే కచ్చితమైన చోటు బయటపెట్టకండి. జీపీఎస్ వివరాలు ఫొటోలోనే దాగి ఉంటాయి, తీసేసి పెట్టండి. మీ తరువాత అక్కడికి గడ్డపారతో ఎవరు వెళతారో మీ చేతిలో ఉండదు.

నాణెమో, విగ్రహమో కనిపిస్తే?

ఎక్కడున్నది అక్కడే ఉంచి, పక్కన ఒక కొలబద్ద పెట్టి ఫొటో తీయండి. పది రూపాయలకు మించిన విలువగల నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం చెబుతోంది, అది ఇప్పటికీ అమలులో ఉంది. కేంద్రం రక్షణలో ఉన్న కట్టడాన్ని పాడుచేస్తే 1958 చట్టం కింద రెండేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. రాష్ట్ర పరిధిలోని వాటికి 2017 తెలంగాణ వారసత్వ చట్టం ఉంది. బండ మీద పేరు చెక్కడం కూడా పాడుచేయడమే.

మేము చూసిన గుహకు పటం గీయాలంటే ఎలా?

ముగ్గురు కావాలి. ఒకరు టేపు పట్టాలి, ఒకరు దిక్సూచి, వాలు కొలిచే పరికరం చదవాలి, ఒకరు కాగితం మీద గీయాలి. నోటి దగ్గర మొదలుపెట్టి, కనబడినంత దూరంలో తరువాతి గుర్తు పెట్టి, దూరం, దిక్కు, వాలు మూడూ రాసుకుంటూ వెళ్ళండి. ఇనుప వస్తువులు, తల దీపం బ్యాటరీ దిక్సూచిని తప్పుదారి పట్టిస్తాయి, దూరంగా ఉంచండి. మనిషి కట్టిన గోడను ఒక రకం గీతతో, సహజమైన బండను ఇంకో రకం గీతతో చూపండి. పటం పూర్తయ్యాక ఒక ప్రతి మీకు దారి చూపిన ఊరి మనిషికి, ఒకటి పంచాయతీకి ఇవ్వండి. ఎప్పుడైనా అక్కడ ఎవరైనా చిక్కుకుంటే మొదట పరుగెత్తేది వాళ్ళే.